ఆర్ పక్కన ఎన్

ముప్పై నాలుగేళ్లు టార్టూ అచ్చుకూటంలో
సీసపు అక్షరాలు ఏరి పేర్చినదాన్ని.
అద్దంలో బొమ్మల్లా తిరగబడ్డ వరసల్ని
తలకిందులుగా చదవడం
నాకు ఊపిరి తీసినంత అలవాటు.
ఈ సంగతి మీకు తెలియదు, పాపం.

మీ జాబు మంగళవారం వచ్చింది.
"గౌరవనీయులైన హెల్వే గారూ,
మీ దగ్గరున్న డొమైన్ పేరు మాకు కావాలి.
నాలుగు వేల యూరోలు."

అది ఎండెల్ కొన్న పేరు.
నది గడ్డకట్టే నెలల్లో
స్కేట్లకు పదును పెట్టే కొట్టు మాది.
కొట్టు మూసేశాం.
ఎండెల్‌ని పైన్ చెట్ల కింద పడుకోబెట్టి వచ్చాం.
పేరు మాత్రం
ఏటేటా నా పింఛనులో ఓ ముక్క కొరుక్కుంటూ
బతికే ఉంది.

నాలుగు వేలు!
అబద్ధమెందుకు, ఆ రాత్రి టేపు తీసి
కిటికీలు కొలిచాను.
చలి ఆ సందుల్లోంచే వస్తోంది.

తర్వాత ఎంత మర్యాదగా రాశారో:
"అసలే మోసాల కాలం,
మధ్యలో ఎస్క్రో వాళ్లుంటే ఇద్దరికీ నిశ్చింత."
తడిగుడ్డతో గొంతు కోసేవాడు
ముందు ఆ గుడ్డని
గోరువెచ్చటి నీళ్లలో ముంచుతాడు కాబోలు.

శుక్రవారం ఎస్క్రో పేరిట కబురు:
"డబ్బు మా దగ్గర జమ అయింది.
బదిలీ కోడ్ కొనేవారికి పంపండి.
ఈ సాయంత్రంలోగా."
పక్కనే పచ్చటి టిక్కు, తాళంకప్ప బొమ్మ.

సాయంత్రంలోగా అన్న మాట నాకు నచ్చలేదు.
అచ్చుకూటంలో తప్పులన్నీ
సాయంత్రంలోగా అన్నప్పుడే పడేవి.
డెబ్బై నాలుగులో అలాగే ఒక్క అక్షరం జారి
చావుకబురులో వేరేవాడి పేరు పడింది.
మర్నాడు ఆ చచ్చిపోయినాయన
టోపీ చేత్తో పట్టుకుని మా మెట్లెక్కాడు,
"మా ఆవిడ ఏడుపు ఆపడం లేదండీ" అంటూ.

అందుకే కళ్లజోడు తుడుచుకుని
మీరు పంపిన చిరునామా మీద
వేలు పెట్టి అక్షరం అక్షరం తడిమాను.
ఎమ్ ఉండాల్సిన చోట
ఆర్, ఎన్ భుజాలు రాసుకుని నిలబడి ఉన్నాయి,
ఒకే కోటులో దూరిన ఇద్దరు దొంగల్లా.

మీ లింకు నొక్కలేదు.
పేరు నమోదు చేసినవాళ్ల పాత బిల్లు
బ్రెడ్డు డబ్బా కింద దొరికింది.
దాని మీది నంబరుకి ఫోన్ చేస్తే
రైగో అనే కుర్రాడు ఓపిగ్గా చెప్పాడు:
అసలు ఎస్క్రో చిరునామా మీ చేత్తో మీరే టైపు చేయండి,
లోపలికెళ్లి చూడండి.
చూశాను.
నా పేర ఒప్పందమూ లేదు, ఒక్క సెంటూ లేదు.

మీ జాబుని కాగితం మీద అచ్చుతీసి,
ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టి,
మార్జిన్‌లో రాసి పంపాను:
"ఇక్కడ ఒక అక్షరం ఎక్కువైంది. సరిచూసుకోగలరు."
మీ దగ్గర్నుంచి మళ్లీ ఉలుకూ లేదు, పలుకూ లేదు.

మార్చిలో సిర్కా అని ఒకామె రాసింది.
అవతలి ఒడ్డున, ఫిన్లాండ్‌లో
పిల్లలకి మంచు మీద నడక నేర్పుతుందట.
సగం ధర కూడా కాదు, పంతొమ్మిది వందలు.
ఎస్క్రో ఎవరో నేను చెప్పాను, ఆమె సరేనంది.
ముందు ఆమె డబ్బు అక్కడ కూర్చుంది.
నా కళ్లతో, నేను టైపు చేసిన తలుపులోంచి చూశాను.
ఆ తర్వాతే కోడ్ ఇచ్చాను.

కోడ్ ఇచ్చే ముందు
ఎండెల్ పాత చిరునామాకి ఒక మెయిల్ పంపాను.
ఆ పెట్టె ఇప్పుడు నేనే తెరుస్తాను కనక
నాకే వచ్చింది.
ఏం రాశానో మీకెందుకు?

ఆమె సరిచూసుకోవడానికి మూడు రోజులు.
ఆ మూడు రోజులూ
పేరు నాది కాదు, డబ్బూ నాది కాదు.
నిద్ర మాత్రం పట్టింది.

బ్యాంకులో అమ్మాయి అడిగింది, ఏం అమ్మారని.
"ఒక మాట" అన్నాను.
మాట తప్పకుండా, అనబోయి ఊరుకున్నాను.

రెండు కిటికీలకే సరిపోయింది.
వంటింటిది ఇంకా ఈల వేస్తోంది.